తాడుకు కట్టి పంపిన తుపాకీ

దంతెవాడలో నేను పనిచేసే ఆసుపత్రి గది చాలా చిన్నది. గోడలకీ పైకప్పుకీ తలుపు లోపలి వైపుకీ దళసరి స్పాంజి అతికించి ఉంటుంది. తలుపు వేస్తే జీపుల హారన్లు, వరండాలో పిల్లల ఏడుపులు, చీటీల దగ్గర పేర్లు పిలిచే అరుపులు అన్నీ ఒక్కసారి తెగిపోతాయి. చెవులు పరీక్షించే గది అది. లోపల మనిషిని కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ పెట్టి, చేతికి ఒక బటన్ ఇస్తాను. అద్దానికి ఇవతల కూర్చుని సన్నని కూతలు పంపిస్తాను. వినబడితే బటన్ నొక్కాలి. అంతే పని.

ఆ గదిలోకి మొదటిసారి వచ్చినవాళ్లు ఏం చేస్తారో గమనించడం నాకు సరదా. ముసలివాళ్లు కునుకు తీస్తారు. పిల్లలు స్పాంజి గిల్లుతారు. బచేలీ గనుల్లో పనిచేసేవాళ్లు, "ఎంత ప్రశాంతంగా ఉందండీ, కాసేపు ఇక్కడే ఉండనివ్వండి" అంటారు. బలగాల నుంచి వచ్చే జవాన్లలో చాలామంది తలుపు కొంచెం తీసి ఉంచమంటారు. ఎందుకని నేను అడగను. ఓరగా ఒక చెప్పు అడ్డం పెట్టి పరీక్ష కానిచ్చేస్తాను.

ఆ ఎండాకాలం వచ్చిన ఒక జవాను మాత్రం తలుపు మొత్తం వేయించుకుని, ఆ తరువాత లైటు కూడా ఆపమన్నాడు.

సన్నగా పొడుగ్గా ఉండే మనిషి. ముప్పై లోపే ఉంటుంది వయసు. ఎవరు మాట్లాడినా మెడ ఎడమకు తిప్పి, కుడి చెవి ముందుకు పెట్టి వినేవాడు. హిందీలోనే అడిగాడు లైటు సంగతి. కాగితం మీద సొంతూరు శ్రీకాకుళం వైపని చూశాను కాబట్టి నేను తెలుగులో అన్నాను:

"లైటు ఎందుకు తమ్ముడూ ఆపడం? చీకట్లో నీకు బటన్ కనబడాలె గదా."

అతను ఉలిక్కిపడ్డాడు. "మీరు తెలుగాండి?"

"తెలుగే. ఉసూరు దాటినాక మా ఊరు."

"ఆ పక్కన తెలుగుంటదేటండి?"

"ఏంది, అట్లంటవ్? మరి మేమేం మాట్లాడుతున్నమనుకున్నవ్?"

నవ్వాడు. నవ్వుతూనే, "ఒక్క నిమసం ఆపండక్కా. ఒకటి సూసుకోవాల" అన్నాడు.

ఆపాను. అద్దం అవతల ఏమీ కనబడలేదు. మైకులోంచి అతని ఊపిరి మాత్రం వినిపించింది. మొదట వేగంగా, తరువాత నిదానంగా. నేను ఎన్నో చెవులను పరీక్షించాను గానీ, ఆ గదిలో చీకటిని కోరి అడిగినవాణ్ని చూడడం అదే మొదలు. లైటు వేశాక అడిగాను, ఏం చూసుకున్నావని.

"ఆ సీకటి ఇలగే ఉండీదా, ఇంకోలగ ఉండీదా అని" అన్నాడు. "ఇలగే ఉండీది."

పరీక్షలో తేలిందేమంటే, ఎడమ చెవి దాదాపు పోయింది. కర్ణభేరి చిరిగింది, లోపలి నరం కూడా దెబ్బతింది. కుడి చెవి మాత్రం ఆశ్చర్యంగా బాగుంది. పేలుడు దెబ్బని కాగితంలో రాసి ఉంది. ఒకే పేలుడు, ఒకే తల, రెండు చెవులకు ఇంత తేడానా అని డాక్టరుగారు కూడా గ్రాఫును రెండుసార్లు చూశారు. ఎక్కడ పేలిందని అడిగితే, "గుహలో సర్" అని ఊరుకున్నాడు జవాను. ఏ కొండ గుహ అని నేను అడిగాను. చెప్పాడు.

అది మా కొండ. మావాళ్లెవరిదీ కాదనుకోండి, అయినా చిన్నప్పుడు మా మిరపచేలో నిలబడితే ఆకాశానికి అడ్డంగా కనిపించేది అదే. మమ్మల్ని ఆ వైపు పోనిచ్చేవాళ్లు కాదు. మొదట ఎలుగులున్నాయని. నేను కొంచెం పెద్దయ్యాక, లోపలోళ్లు ఉన్నారని. అడవిలో ఆయుధాలతో తిరిగేవాళ్లను మావైపు అలాగే అనేవాళ్లం. ఆ తరువాత బాటల కింద బాంబులు పాతారని. అలా నా బాల్యమంతా ఆ కొండను దూరం నుంచి చూడడంతోనే సరిపోయింది. ఇప్పుడు దాని లోపలికి వెళ్లి వచ్చిన మనిషి నా ఎదురుగా కూర్చుని ఉన్నాడు. నాకు ఎంత ఆత్రంగా ఉండాలి!

రెండోసారి వచ్చినప్పుడు డాక్టరుగారు ఆపరేషన్‌లో ఉన్నారు, ఆలస్యమైంది. క్యాంటీన్ నుంచి టీ తెప్పించి, "లోపల ఎట్లుంటది?" అని అడిగాను.

అతను తేరిపార చూశాడు. "అందరూ ఎంతమంది సచ్చారనే అడుగుతారక్కా. లోపల ఎలగుంటదని ఎవలూ అడగనేదు."

అప్పుడు చెప్పాడు.

వాళ్ల జట్టు చాలా రోజులుగా ఆ కొండ మీదే ఉంది. రాళ్లు చెయ్యి ఆనించలేనంత కాలిపోయేవి. ఒక మధ్యాహ్నం ఇతను ఒక బండ పక్కన పొద నీడకు నిలబడితే పాదాలకు చల్లగాలి తగిలింది. అంత ఎండలో గాలి కింద నుంచి రావడమేమిటని పొద తొలగించి చూశాడు. బండ కింద ఒక నెర్రె, మనిషి పడుకుని దూరగలిగేటంత. "కొండ ఊపిరి తీస్తన్నట్టుందండి" అన్నాడు.

లోపల మందుగుండు దాచి ఉంటుందని వాళ్లకు అనుమానం. మనుషులు ఉంటారనుకోలేదు. ఇద్దరు దూరారు. ముందు ఇతని జోడీ, అంటే డ్యూటీలో ఎప్పుడూ జంటగా ఉండే హర్యానా మనిషి, వయసులో పెద్ద. "నీకింకా పెళ్లి కాలేదు, నువ్వు వెనక రా" అన్నాడట హిందీలో. మోచేతుల మీద పాకుతూ పోయారు. కొంత దూరం పోయాక దారి కిందికి వాలింది, తరువాత కుడికి మలుపు. ఆ మలుపు దగ్గర టార్చి వెలుగు పడగానే అవతలి నుంచి కాల్పులు.

"బయటైతే తుపాకీ సప్పుడు చెవికి తగుల్తదక్కా. లోపల వొళ్లంతా తగుల్తది. పళ్లు కూడా అదిరిపోతాయి."

జోడీ భుజంలోకి తూటా దిగింది. అతను దారంతా నిండిపోయి ఉన్నాడు కాబట్టి ఇతను తిరిగి కాల్చడానికి లేదు. టార్చి ఆర్పేసి, జోడీ చీలమండలు పట్టుకుని, వెనక్కి పాకుతూ లాగడం మొదలుపెట్టాడు. వాలు పైకి. గాయపడ్డవాడు తనకన్నా బరువు. తూటాలు బండకు తగిలి ఎటో ఎగిరిపోతున్నాయి. ఇతను కాస్త లాగడం, ఊపిరి తీసుకోవడం, మళ్లీ లాగడం. బయట ఉన్నవాళ్లు ఇతని బూట్లు కనబడగానే అందుకుని ఇద్దర్నీ బయటికి ఈడ్చారు.

అక్కడితో అయిపోయేదే. కానీ జోడీ తుపాకీ లోపలే ఉండిపోయింది.

"పోతే పోయింది, ఎవరూ దూరొద్దు" అన్నాడట ఆఫీసరు. ఇతను ఒప్పుకోలేదు. అది వాళ్ల చేతికి పోతే రేపు దాంతోనే మనల్ని కాలుస్తారు అన్నాడు. చివరికి చీలమండకు తాడు కట్టి పంపారు. బయటి నుంచి ఒకసారి గుంజితే బాగున్నావా అని అడిగినట్టు. లోపలి నుంచి గబగబా గుంజితే లాగమన్నట్టు. తన తుపాకీ బయటే వదిలాడు.

"అదేంది, వట్టి చేతుల్తోనా?" అన్నాను.

"పాకడానికి రెండు సేతులూ గావాల గదక్కా. ఒక తుపాకీ తేవడానికెల్లినోడికి ఇంకో తుపాకీ అడ్డం."

టార్చి వేస్తే కాలుస్తారని చీకట్లోనే తడుముకుంటూ వెళ్లాడు. మలుపుకు ముందు పైకప్పు బాగా కిందికి ఉంది. అక్కడే చేతికి తుపాకీ తగిలింది. దాన్ని దగ్గరికి లాక్కుంటుండగా మలుపు అవతల ఏదో పేలింది.

ఆ తరువాత కాసేపు ఏమైందో అతనికి తెలియదు. తెలివి వచ్చేసరికి నోటినిండా మట్టి. చీలమండ దగ్గర ఎవరో గుంజుతున్నారు. బాగున్నావా అని అడుగుతున్నారు. జవాబివ్వబోయాడు. అప్పుడు వినబడింది, మలుపు అవతల నుంచి, సన్నని గొంతు.

"ఏర్... ఏర్..."

ఇక్కడ జవాను ఆగి, టీ గ్లాసు కింద పెట్టాడు. "మా ఊరి పక్కనే ఏరుందక్కా. సిన్నప్పుడంతా దాన్లోనే. ఎవలో 'ఏరు, ఏరు' అంతన్నారు. ఈ కొండ కడుపులో ఏరేటి అనిపించింది. ఆ గొంతు ఎవలదో సూడాలనిపించింది."

తాడు అక్కడికి అయిపోయింది. ముందుకు పోవాలంటే విప్పాలి. విప్పి, ఊరికే వదిలేస్తే బయటివాళ్లు కంగారు పడతారని, జోడీ తుపాకీని తాడుకు కట్టి గబగబా గుంజాడు. వాళ్లు లాగేశారు. తాడు కొసన మనిషి రాలేదు, తుపాకీ వచ్చింది. బయట అందరూ నెర్రె దగ్గర చేరి అరవడం మొదలుపెట్టారట. అవన్నీ ఇతనికి తరువాత తెలిశాయి.

ఇతను ముందుకు పాకుతూ గట్టిగా అడిగాడు, తెలుగులో: "ఏ ఏరు? ఎక్కడుంది ఏరు?"

కాసేపటికి అదే గొంతు, ఆడపిల్ల గొంతు, తెలుగులో పలికింది.

"తెలుగోనివా?"

"అవును."

"మనోనివా, ఫోర్సోనివా?"

"ఫోర్సే."

"మనోన్నని చెప్పొచ్చు గదా."

"సీకట్లో అబద్ధమెందుకు?" అన్నాడట ఇతను. ఆ మాట ఎలా వచ్చిందో తనకే తెలియదన్నాడు.

"నా దగ్గర తుపాకీ ఉంది" అంది ఆ పిల్ల.

"నా దగ్గర నేదు. తాడుకు కట్టి పంపించీసాను."

బండ మీద ఇనుము గీసుకున్న చప్పుడు వచ్చింది. ఇక కాలుస్తుందనే అనుకున్నాడు. కళ్లు మూసుకోవాలా తెరవాలా అని ఆలోచించానని చెప్పాడు, ఆ చీకట్లో రెండూ ఒకటే అయినా. చెయ్యి ముందుకు చాపితే చల్లగా తగిలింది. తుపాకీ మడమ. గొట్టం తనవైపు తిప్పుకుని, మడమ ఇతనివైపు పెట్టి నెట్టింది.

"కాలు ఇరుక్కుంది" అంది.

మలుపు దగ్గర ఒక మనిషి కదలకుండా పడి ఉన్నాడు. అతని చేతిలోనే బాంబు పేలింది. అతన్ని దాటుకుని వెళ్లాల్సి వచ్చింది. ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రం జవాను నా మొహం చూడలేదు.

ఆ పిల్ల కాలి మీద, మోకాలికి దిగువన, ఒక రాతి పలక పడి ఉంది. వెల్లకిలా తిరిగి, వీపు గోడకు ఆనించి, రెండు కాళ్లతో దాన్ని తన్ని పట్టుకున్నాడు. "ఇప్పుడు లాక్కో" అన్నాడు. ఆమె అరిచిన అరుపు కుడి చెవిలో ఇంకా ఉందన్నాడు. తరువాత ఆమె రెండు చేతులూ పట్టుకుని మళ్లీ వెనక్కి పాకుడు. వెలుగు కనబడే ముందే గొంతెత్తి అరిచాడు: "గోలీ మత్ చలానా, మై హూఁ! సాథ్ మే లడ్కీ హై!" కాల్చొద్దు, నేనే, వెంట ఆడపిల్ల ఉందని. ఎవరూ కాల్చలేదు.

చెప్పడం అయ్యాక, అసలు తనను తొలుస్తున్నది అడిగాడు.

"అందరూ అంతన్నారు, నువ్వు ఆ గొంతు పేలకముందే విని ఉంటావు, పేలాక ఎవలికీ ఏమీ వినబడదు అని. నాకేమో నోట్లో మట్టి ఉండగా విన్నట్టు గుర్తు. ఏది నిజమక్కా? చెవుల సంగతి మీకు తెలుస్తాది గదా."

నేను అతని గ్రాఫు తీసి చూశాను. కుడి చెవి అంత బాగుండడం నాకూ అంతుబట్టని సంగతే. "పేలినప్పుడు నువ్వు ఎట్ల ఉన్నవో చూపించు" అన్నాను.

నయం, గది ఊడ్చి ఉంది. అతను నేల మీద బోర్లా పడుకున్నాడు. చేతులు ముందుకు చాపాడు. "ఇక్కడ పైకప్పు ఇంతే" అని నా స్టూలు తల మీదికి లాక్కున్నాడు. తల ఎత్తడానికి చోటు లేక, మొహం పక్కకు తిప్పి, చెంప నేలకు ఆనించాడు. కుడి చెంప. కుడి చెవి నేలకు అదిమి ఉంది. ఎడమ చెవి పైకి, పేలుడు వైపుకి, మూతలేని కుండలా తెరుచుకుని ఉంది.

నేను అతని పక్కన గొంతుకూర్చుని చూస్తూ ఉండిపోయాను. డాక్టరుగారు వచ్చేసరికి మేమిద్దరం అలాగే ఉన్నాం. ఆయనకు చెబితే ఆయన కూడా వంగి చూసి, "అదీ సంగతి. బండ కాపాడింది" అన్నారు. పేలాక కూడా ఆ చెవికి ఎంతో కొంత వినబడి ఉంటుందన్నారు. జవాను లేచి, చొక్కా దులుపుకుంటూ, "అయితే పేలాకే విన్నాను" అని రెండు మూడుసార్లు తనలో తను అనుకున్నాడు.

నాకు చెప్పాలా వద్దా అని కాసేపు తెలియలేదు. చెప్పాను. "తమ్ముడూ, ఆ పిల్ల అన్నది ఏరు గురించి కాదు. మావైపు అడవి ఊళ్లల్ల మాట్లాడే దోర్లీలో ఏర్ అంటే నీళ్లు. దాహమైతుందని అంటుండె."

అతని మొహంలో నవ్వు అలాగే నిలిచిపోయింది. "నీలా?" అన్నాడు. "నా సీసా బయటే ఇడిసీసానక్కా. దూరడానికి అడ్డమని." ఇంకాసేపటికి, "బయటకొచ్చాక ఎవలో ఇచ్చే ఉంతారు. నాను సూడనేదు. నన్ను పక్కకు లాగీసారు" అన్నాడు.

ఆ తరువాత మా ఊరు వెళ్లినప్పుడు నేను ఆ గుహ చూసి వచ్చాను. ఇప్పుడు కొండ దగ్గరిదాకా రోడ్డు పడింది. పొద్దున్నే మా మేనత్తతో కలిసి తునికాకు కోసుకునేవాళ్ల వెంట ఎక్కాను. అత్తకు ఆ నెర్రె చిన్నప్పటి నుంచీ తెలుసట. తేనె కోసం వచ్చినప్పుడు అక్కడ చల్లగాలికి కూర్చునేవాళ్లట. ఇన్నేళ్లలో నాకు ఒక్కసారైనా చెప్పలేదేమంటే, "నువ్వు అడిగినవా?" అంది.

పొద ఇప్పుడు లేదు. చల్లగాలి అలాగే ఉంది. నేను చీర కుచ్చిళ్లు దోపుకుని బోర్లా పడుకుని దూరాను. మొదట్లో బండ నున్నగా ఉంది, ఎన్ని జంతువులు ఒరుసుకుంటూ పోయాయో. గబ్బిలాల వాసన. చీకటికి నేను భయపడతాననుకున్నాను గానీ చీకటి పెద్ద కష్టమనిపించలేదు. భుజాలు రెండు వైపులా బండకు తగిలినప్పుడు తెలిసింది అసలు సంగతి. అక్కడ వెనక్కి తిరగడానికి చోటు లేదు. ముందుకు ఎంత పోతే, అంతా వెనక్కి పాకాల్సిందే. ఒకసారి తూటాల మధ్య అలా పాకి బయటపడ్డవాడు, మళ్లీ దూరడమే కాక, కాలికి ఉన్న ఒక్క తాడునూ తన చేత్తో విప్పుకున్నాడు. నా గుండె చప్పుడు బండలోంచి నా చెంపకే వినిపించింది. అంతకంటే ముందుకు పోలేకపోయాను.

మోచేతులు గీసుకుపోయి బయటికి వస్తే, అత్త నా జుట్టులోంచి మట్టి దులుపుతూ, "ఏం పోగొట్టుకున్నవే లోపల?" అని తిట్టింది.

చివరిసారి జవాను తన జోడీని వెంటబెట్టుకుని వచ్చాడు. హర్యానా మనిషికి భుజం ఇంకా పూర్తిగా లేవడం లేదు. నేను గుహలో దూరానని చెబితే ఇద్దరూ నమ్మలేదు. మోచేతులు చూపించాను. పెద్దాయన పడీపడీ నవ్వి, తరువాత మెల్లగా హిందీలో అన్నాడు: "తాడుకు నా తుపాకీ వచ్చినప్పుడు నేను స్ట్రెచర్ మీద ఉన్నాను. వీడు చచ్చాడనే అనుకున్నాను. వీడు బయటికి వచ్చాక నన్నెవరూ పట్టించుకోలేదు, అందరూ వీణ్ని తిట్టడంలోనే ఉన్నారు. ఆఫీసరు సాబ్ తిడుతూనే వీడి తల పట్టుకుని ఏడ్చారు."

"మరి ఆ పిల్లకు నీళ్లు?" అని అడిగాను. ఎందుకో అది తెలుసుకోకపోతే నాకు నిద్రపట్టేలా లేదు.

"నేనే ఇచ్చాను" అన్నాడు ఆయన. "పక్క పక్కనే పడుకోబెట్టారు మమ్మల్ని. నా సీసా అందుకుని మొత్తం తాగేసింది. నాకు చుక్క మిగల్చలేదు."

ఆ మాట నేను మళ్లీ గట్టిగా చెప్పనక్కర్లేకపోయింది. జవాను అప్పటికే కుడి చెవి అటు తిప్పి విన్నాడు.

ఎడమ చెవికి మిషను పెట్టాం. దాంతో ఓ మోస్తరుగా వినబడుతోంది. కొండల డ్యూటీ నుంచి తప్పించి గీదం దగ్గర బండ్ల విభాగంలో వేశారు. అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటాడు, మిషనులో గరగరలాడుతోందని ఒక సాకు పెట్టుకుని. వానాకాలం తరువాత గీదం సంతలో మా ఊరివైపు మనిషి ఒకామె కలిసింది. మాటల్లో ఆ పిల్ల సంగతి వచ్చింది. వాళ్ల పక్క ఊరి పిల్లేనట. కాలిలో రాడ్డు వేశారట. లొంగిపోయినవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే చోట కుట్టుపని నేర్చుకుంటోందట. వాళ్లమ్మ వెళ్లి చూసి వచ్చిందట.

ఆ సాయంత్రమే జవానుకు ఫోన్ చేసి చెప్పాను. చివరిదాకా విన్నాడు. పేరు అడగలేదు, ఎక్కడుందని అడగలేదు.

"కాలు కింద పెడతందా అక్కా?"

"పెడుతుందట. మెల్లగ నడుస్తుందట."

"కుట్టుమిషను తొక్కగలదా మరి?"

అది నేను కనుక్కోలేదు. వచ్చే సంతకు ఆమె వస్తే అడుగుతానన్నాను.